ప్రార్థనకు ఇచ్చిన పేరు

తప్పంతా నా నోటిదే. ఇంకొకరి మీదికి నెట్టను.

నస్రీన్‌కి పదిహేనేళ్లు. సిరియా యుద్ధంలో తుపాకుల ముఠా ఒకటి దాన్నీ, తమ్ముడు దిల్షాద్‌నీ ఎత్తుకుపోయి నాలుగేళ్లు ఉంచుకుంది. సైన్యం విడిపించాక పిల్ల అమెరికా చేరి, బాతెల్ అనే ఊళ్లో మా ఇంటికి, సర్కారు పెంచమని అప్పగించే ఫాస్టర్ బిడ్డగా వచ్చింది. పన్నెండేళ్ల తమ్ముడు మాత్రం అక్కడే ఒక శిబిరంలో, వేరే పేరుతో ఉండిపోయాడు. తమ చేజారిన మగపిల్లల కోసం ఆ ముఠా ఇంకా వెతుకుతోందట. వాడి వీసా వచ్చేదాకా ఆ మారుపేరే వాణ్ని కాపాడాలి.

పిల్ల వివరాలేవీ నెట్‌లో పెట్టొద్దని దాని బాగోగులు చూసే కేస్‌వర్కర్ లిండా మొదటిరోజే చెప్పింది. సంతకం కూడా పెట్టాను. అయినా దేవుడు తనని ఎలా కాపాడాడో మా తెలుగు చర్చిలో అందరి ముందూ దాని చేత సాక్ష్యం చెప్పించాలని నా ఆరాటం.

"లైవ్ వస్తుందా ఆంటీ?" అని ఇంగ్లిష్‌లో భయంగా అడిగింది.

"వస్తే ఎవరు చూస్తారే, తెనాలిలో మా పిన్ని తప్ప!" అని నవ్వేశాను.

ఆదివారం నస్రీన్ మైకు పట్టుకుని, "నా తమ్ముడి కోసం ప్రార్థించండి" అని ఆగిపోయింది. పాస్టర్ సత్యానందం గారికి అది చాలు. నాకు చాల్లేదు. ముందు వరసలోంచి, "పేరు చెప్పమ్మా. ఎక్కడున్నాడో చెప్పు. ఊరూ పేరూ లేకుండా ఎలా ప్రార్థిస్తాం?" అన్నాను. నా వైపు చూసింది. చెప్పమని తలూపాను. అసలు పేరు, మారుపేరు, శిబిరం పేరు, అన్నీ చెప్పేసింది. హాలంతా ఏడ్చింది. యూత్ పిల్లలు ఆ ముక్క కత్తిరించి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేసి నెట్‌లో వదిలితే మూడు రోజుల్లో నాలుగు లక్షల మంది చూశారు. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను, సిగ్గులేనిదాన్ని.

పదకొండో రోజు లిండా ఫోన్ చేసింది. ఇద్దరు మగాళ్లు శిబిరానికి వచ్చి, బాబాయిలమని చెప్పి, వాణ్ని పేరు పెట్టి అడిగారట. అక్క పంపిందంటూ ఫోన్‌లో నస్రీన్ వీడియో చూపించారట. అక్క మొహం చూసి వాడు పరుగెత్తుకుంటూ వాళ్లతో వెళ్లిపోయాడట. అలా పోయినవాళ్లలో దొరికినవాళ్లు లేరంది.

నస్రీన్‌కి నేనే చెప్పాను. ఏడవలేదు.

"మీ దేవుడికి వాడి పేరు తెలియదా ఆంటీ? నన్నెందుకు అడిగారు?" అంది.



ఇంతలో పాస్టర్ గారి ఫోన్. "సిస్టర్, బాబు కోసం ఒకరి తర్వాత ఒకరు చేసేలా గొలుసు ప్రార్థన పెడుతున్నాం. గ్రూపుల్లో వేస్తున్నాను."

"వేయకండి పాస్టర్ గారూ! మీ కాళ్లు పట్టుకుంటాను, వేయకండి!" అని అరిచాను.

ఆ సాయంత్రమే లిండా వచ్చింది. చర్చి పేరు లోకమంతటికీ తెలిసిపోయింది కాబట్టి పిల్ల ఇక మా దగ్గర ఉండకూడదట. దగ్గరికి తీసుకోబోతే నస్రీన్ వెనక్కి జరిగింది.

"ఏ ఊరు తీసుకెళ్తున్నారు?" అని లిండాని అడిగాను.

చెప్పలేదు. మంచిపని చేసింది.