పంటి మొక్కుబడి

మా అత్త విక్టోరియాకు ముందుపన్ను ఊడింది చెరుకు కొరుకుతుంటే. రసం గ్లాసులో పోసిస్తానంటే వినే మనిషి కాదు, గడ కొరికితేనే చెరుకంటుంది. పుంగనూరు మిషన్ బడిలో ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పి, గొంతుతోనే పిల్లల్ని గడగడలాడించిన టీచరమ్మ, నోట్లో సందు పడ్డాక ఎవరు పలకరించినా కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

అలాంటి సమయంలో మా పాస్టరుగారు గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఆమెకు ఒక మాట అప్పజెప్పారు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఆ రోజు మధ్యాహ్నం ఏడుగురు ప్రసంగిస్తారు. మా గుడిలో ఇన్నేళ్ళూ మగవాళ్ళే చెప్పారు. ఈసారి ఐదో మాట, తనకు దాహంగా ఉందని ఆయన అన్నది, మా అత్తకు వచ్చింది. ఇక కొంగు తీసి నిలబడక తప్పదని, మదనపల్లెలో డాక్టర్ సింధూజ దగ్గర ఇంప్లాంట్ వేయించుకుంది.

దవడ ఎముకలోకి చిన్న స్క్రూ దించారు. దాన్ని ఎముక గట్టిగా పట్టుకోవడానికి కొన్ని నెలలు పడుతుందట. పట్టుకుంటే దానిమీద అసలు పన్ను బిగిస్తారు, పట్టుకోకపోతే స్క్రూ తీసేయాలి. అందాకా పెట్టుకోవడానికి ప్లాస్టిక్ పన్ను ఒకటిచ్చారు. దవడలో బోరు వేశారని, ఇక నీళ్ళు పడాలని మా అత్త వీధంతా చెప్పుకుంది. పైకి నవ్వేదే గాని, ఎముక పట్టుకుంటుందో లేదోనని ఆమెకు కంటిమీద కునుకు లేదు.

ఎండాకాలం జాగ్రత్త అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నోరు ఎండితే ఉమ్మి ఊరదు, ఉమ్మి ఊరకపోతే చిగుళ్ళను కడిగేవాళ్ళుండరు, పాచి పేరుకుంటుంది. గుక్క గుక్కగా రోజంతా నీళ్ళు తాగాలి. ఐసు ముక్కలు కొరకకూడదు. కూల్‌డ్రింకులు వద్దు. మామిడికాయ లాంటి పులుపు తింటే నోరు పుక్కిలించాలి, వెంటనే బ్రష్ చేయకూడదు. నేను వీటన్నిటికీ కాపలా కూర్చున్నాను. ఫ్రిజ్‌లో ఐసు ట్రే తీసి దాచేశాను. ఉప్పూ కారం అద్దిన మామిడిముక్కల గిన్నెను పోలీసులా పట్టుకున్నాను. నీళ్ళ సంగతి మాత్రం నాకు తట్టనే లేదు. మనిషి నీళ్ళు తాగుతుందా లేదా అని ఎవరు చూస్తారు?

అప్పుడు ఈస్టరుకు ముందు వచ్చే లెంటు దినాలు. సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఉపవాసం ఉండడం మా ఇంట్లో మామూలే, నీళ్ళు మాత్రం తాగుతాం. మా అత్త పగలంతా చెంబు పక్కన పెట్టుకునే ఉండేది. అది ఖాళీ అయినప్పుడల్లా నేను నింపేదాన్ని. వాకిట్లో కరివేపాకు చెట్టు ఆ ఎండల్లో గుబురుగా చిగురేసింది. నేను వేసిన పేడ ఎరువు మహిమ అనుకుని మురిసిపోయాను.

మధ్యాహ్నాలు ఇల్లంతా మగతగా ఉండేది. కిటికీకి కట్టిన తడిచీర ఆరిపోతూ కదిలేది, దాని వెనక వెలుతురు పచ్చగా ఊగేది. మా అత్త ప్లాస్టిక్ పన్ను తీసి గిన్నెలో నీళ్ళలో వేసి, చాప మీద ఒరిగి, కళ్ళు మూసుకునేది. లేచాక ఒక కల చెప్పేది. మదనపల్లె టమోటా మార్కెట్ నిండా నీళ్ళు నిలిచాయట, పండ్లన్నీ తేలుతున్నాయట, తను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వాటి మధ్య నడుస్తోందట. ఇంకో రోజు ఏదో రైలు, ఎక్కడికో తెలియదు, కిటికీలోంచి చెయ్యి చాపితే అరచేతిలో వాన. కుప్పంలో ఉద్యోగం చేసే నా భర్త జోనాథన్ ఒకనాడు ఫోన్ చేసి, అక్కడ నాలుగు చినుకులు పడ్డాయన్నాడు. మా అత్త ఫోన్ లాక్కుని, మన్ను వాసన ఎట్లా వచ్చిందో చెప్పమని చాలాసేపు కొడుకును వదలలేదు.

అన్నిటికన్నా నాకు గుర్తున్న కల ఒకటుంది. దవడలోని స్క్రూకు వేరు పుట్టిందట. అది మెడలోంచి, గుండె పక్కనుంచి, కాళ్ళలోంచి దిగి, చాపను దాటి, మా పుంగనూరు నేలలోకి పోతూ ఉందట. రాళ్ళు తగులుతున్నా ఆగలేదట. అడుగున ఎక్కడో చల్లగా తగిలిందనీ, అంతలోనే మెలకువ వచ్చిందనీ చెప్పి, ఆమె పెదవులు తడుముకుంది. ఆ పెదవులు పగిలి ఉన్నాయి. నేను వెన్న రాశాను. వింటూ వింటూ నాకూ కళ్ళు బరువెక్కేవి. ఆ కలలు ఆమెవో నావో తెలియకుండా పోయేది. ఎంత మొద్దుదాన్నో చూడండి, కలలన్నీ నీళ్ళేనని అప్పుడు కూడా తట్టలేదు.

గుడ్ ఫ్రైడే వారంలో చూపించుకోవడానికి మదనపల్లె వెళ్ళాం. డాక్టర్ సింధూజ నోట్లో చిన్న అద్దం పెట్టింది. తీయబోతే అది బుగ్గ లోపల అతుక్కుపోయింది. మెల్లగా విడదీసి, నా వైపు ఒకసారి, అత్త వైపు ఒకసారి చూసింది.

"అమ్మా, నీళ్ళు తాగతాండారా?"

తాగుతున్నానని మా అత్త తలూపింది. స్క్రూ చుట్టూ చిగురు ఎర్రగా వాచి ఉంది. వాపు ఇంకా లోపలికి పోతే స్క్రూ తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. శుభ్రం చేసి మందులిచ్చింది గాని, ఈ నోటికి అసలు మందు నీళ్ళేనంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బాటిల్ మూత తీసి చేతికిచ్చాను. అత్త తీసుకోలేదు. అప్పుడు నాకు చెట్టు గుర్తొచ్చింది, చెంబు గుర్తొచ్చింది, ఆ నీళ్ళన్నీ ఎటు పోయాయో తెలిసి ఒళ్ళు మండిపోయింది.

"యాలత్తా ఇట్ల చేస్తాండావు?"

"మాటిచ్చినానమ్మా. ఈ పన్ను నిలబెట్టు తండ్రీ, ఈస్టరు దాకా పగటిపూట గొంతు తడపనని మొక్కుకున్నాను. ఇప్పుడు తాగితే అది యాడ నిలబడతాది?"

తాగకపోతేనే ఊడుతుందని డాక్టరు చెప్పింది కదా అని గొడవపడ్డాను. పన్ను కోసమే పన్నును ఎండగట్టే మనిషిని నిన్నే చూశానన్నాను. ఇంకా నాలుగు మాటలు ఎక్కువే అన్నాను. పాస్టరుగారితో చెప్తానంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇది తనకూ దేవుడికీ మధ్య సంగతట. తర్వాత కిటికీ వైపు తిరిగిపోయింది. బయట మామిడితోపులు వేడిగాలిలో కరిగిపోతున్నట్టు కనిపించాయి. కోపం పోయి నాకు భయం వేసింది. పన్ను పోతే ఆమె తన ప్రార్థనలో లోపమనుకుంటుంది, ఆ కొంగు ఇక ఎప్పటికీ దించదు.

శుక్రవారం గుడి కిటకిటలాడింది. ఫ్యాన్లు వేడినే తిప్పుతున్నాయి. నాలుగో మాట అయ్యేసరికి అందరి కళ్ళూ సగం వాలిపోయాయి. తెల్లచీరలు, తెల్లచొక్కాలు మసక వెలుతురులో ఎక్కడో దూరంగా ఉన్నట్టున్నాయి. మా అత్త మెట్లెక్కి, కొంగు భుజం మీదికి సర్దుకుని నిలబడింది. ప్లాస్టిక్ పన్నుతోనే అయినా ఎంత బాగుందో.

రెండు వాక్యాలు చెప్పింది. మూడోది సగంలో ఆగిపోయింది. నాలుక కదలడం లేదు. పెదవులు ఆడుతున్నాయి, మాట రావడం లేదు. ఆమె బల్లను రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు సిలువ వైపు చూసింది. ఎప్పుడూ చూసే సిలువే, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"దాహాన్ని ఓర్చుకోవాల, బయటికి చెప్పకూడదు అని చెప్పేదానికి వచ్చినాను," అంది బొంగురు గొంతుతో. "కానీ ఆయన చెప్పినాడే. అంతమంది ముందర, కొట్టినోళ్ళ ముందర కూడా దాచుకోకుండా చెప్పినాడే. ఆయనే దాచుకోనప్పుడు, నేను యాల దాస్తాండాను?"

తర్వాత జనంలో నన్ను వెతికింది.

"జెమీమా, నాకు దాహంగా ఉండాది. నీళ్ళు తేమ్మా."

తలుపు దగ్గర క్యాను నుంచి గ్లాసు నింపుకుని పరుగెత్తాను. సగం నా చీర మీదే ఒలికాయి. మా అత్త గుక్క తీసుకుని, నోట్లో కాసేపు ఉంచుకుని, మింగింది. మళ్ళీ గుక్క. అందరూ చూస్తుండగా, తొందర లేకుండా, గ్లాసు అడుగంటా తాగి, ఇంకోటి తెమ్మంది.

చిగురు వాపు తగ్గడానికి మే నెలంతా పట్టింది. ఎముక స్క్రూను పట్టుకుంది. వానలు మొదలయ్యాక అసలు పన్ను బిగించారు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ మధ్యాహ్నం నేను రెండో గ్లాసు నింపుతుంటే వెనక వరసలోంచి ప్రమీలమ్మ, గుడిలో అందరికన్నా పెద్దది, మెల్లగా చెయ్యి చాపింది.

"నాకూ రోంత ఇయ్యమ్మా."

ఆమె పక్కనున్నామె కూడా తలెత్తింది. ఆ పక్కన ఇంకొకామె. ఎంతమంది ఎవరికీ చెప్పకుండా ఎన్నెన్ని మొక్కుకుని కూర్చున్నారో నాకు తెలియదు. గ్లాసు చేతులు మారుతూ పోయింది, నేను నింపుతూ పోయాను. ఆ ఏడు మా గుడిలో ఆరో మాట బాగా ఆలస్యంగా మొదలయింది.