జైసల్మేర్ మ్యాపులో తుమ్మపొదలు

చైతన్యపురి మెట్రో స్టేషన్ ఎదుట, ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో సుజన పనిచేసే ఆఫీసు ఉంది. పెద్ద సోలార్ ప్లాంట్లు ఎక్కడ కట్టాలో, ప్యానెళ్లు ఏ వరుసలో నిలపాలో మ్యాపుల మీద గీసిచ్చే కంపెనీ అది. రెండేళ్లు వేరేవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నాక, మొదటిసారి ఒక సైటు మొత్తం ఆమె చేతికొచ్చింది. జైసల్మేర్ దగ్గర పద్నాలుగు వందల ఎకరాల ఎడారి.

ఆ ఆదివారం తుర్కయంజాల్‌లో ఇంటి అరుగు మీద లాప్‌టాప్ తెరిచి నాయిన బిక్షమయ్యకు చూపించింది. ఆయన ఇరవై ఏళ్లు జేసీబీ నడిపి, రియల్ ఎస్టేట్ వెంచర్లకు నేల చదును చేసిన మనిషి. రాజస్థాన్‌లో భడ్లా, మొరాకోలో సహారా అంచు, చిలీలో అటకామా, ఒక్కోచోట కట్టిన సోలార్ ప్లాంటును తెర మీదికి తెచ్చింది. అన్నీ ఎడారులే ఎందుకని ఆయన అడిగాడు. మబ్బులు తక్కువ, ఎండ ఎక్కువ, పంట పండే భూమి పోదు అని చెప్పింది.

తర్వాత తన సైటు తెరిచింది. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకొని చాలాసేపు చూశాడు.

"గీ నల్ల చుక్కలేంది బిడ్డా?"

"తుమ్మపొదలు నాయినా."

"అన్నీ ఒక్క వరుసల ఉన్నయ్. నీళ్లు పారే తావు గది. నీ మిషిన్లు సక్కగ దాని మీదనే పెట్టినవ్."

అక్కడ వానే పడదని సుజన నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇట్లాంటి గీత మీదే ఒకసారి మట్టి పోసి ప్లాట్లు చేశాడట. మూడో ఏడు వానకు అక్కడి ఇళ్లలో మంచాలు తేలాయట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన తెర వైపే చూస్తున్నాడు.

సోమవారం పొద్దున్నే సుజన పాత ఉపగ్రహ చిత్రాలు తీసింది. ఏడాది వెనక ఏడాది చూసుకుంటూ పోయింది. అన్నిట్లో ఇసుకే. టిఫిన్ డబ్బా తెరవడం కూడా మర్చిపోయింది. మూడు గంటలప్పుడు ఆరేళ్ల కిందటి ఒక ఆగస్టు చిత్రం తెరుచుకుంది. పొదల వరుస పొడవునా నీళ్లు మెరుస్తున్నాయి. కుర్చీ వెనక్కి తోసి, పరుగున మేనేజర్ పట్టాభి గదికి పోయింది.

కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డ పట్టాభి ఏదీ తొందరగా నమ్మే మనిషి కాదు. ఆ చిత్రాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, ఆమె గీసిన డ్రాయింగ్ మీద పెట్టి చూశాడు. ప్యానెళ్ల కరెంటును మార్చి లైన్లకు పంపే ఇన్వర్టర్ గదుల్లో నాలుగు సరిగ్గా నీళ్లలోనే ఉన్నాయి.

"ఇది మీకెలా తట్టిందండీ?"

"నాకు కాదు సార్. మా నాయినకు."

వచ్చే వారం సైటు చూడ్డానికి వెళ్లేటప్పుడు ఆయన్ని కూడా తీసుకురమ్మన్నాడు పట్టాభి.

విమానం ఎక్కడం బిక్షమయ్యకు అదే మొదటిసారి. జైసల్మేర్ నుంచి జీపులో రెండు గంటలు పోయాక, ఆకాశం తప్ప ఏమీ లేని చోట దిగారు. ఆయన ఎవరినీ అడగకుండా పొదల వైపు నడిచాడు. కొంతదూరం పోయి వంగి, ఇసుక గోకి, రాళ్లు రెండు తీసి కూతురి చేతిలో పెట్టాడు. గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. నీళ్లలో దొర్లిన రాళ్లు.

సుజన అక్కడే జీపు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టి కొత్త గీత మొదలుపెట్టింది. వాగుకు అటూ ఇటూ దూరం వదిలి, ఇన్వర్టర్లను ఎత్తు మీదికి జరిపింది. పట్టాభి పక్కన నిలబడి సర్వే కాగితంలోంచి నేల ఎత్తులు చదివి చెప్తున్నాడు. వేడిగాలికి ఇసుక కీబోర్డు మీద పడుతోంది, ఊదుకుంటూ గీస్తోంది.

"సుజనా, జర ఇటు రా," దూరం నుంచి నాయిన పిలిచాడు. "ఇంకో పాయ కనవడ్డది."

లాప్‌టాప్ పట్టాభి చేతిలో పెట్టి ఆమె పరుగెత్తింది.