కోబర్న్ సెంట్రల్ చరిత్రలో ఒక ఫొటో

మా మాజీ ఎంపీ హాలోరన్ వస్తున్నాడని తెలిసి కూడా మా అత్తగారు ఇదాలీనా పెరట్లోని అతని ఎన్నికల బోర్డులు తీయించలేదు. ఎనిమిది ఎన్నికల హాలోరన్లు టమాటా మొక్కలకు ఊతంగా నిలబడి ఉన్నారు. ఒకడు తలకిందులుగా.

టొరంటో నడిబొడ్డున కోబర్న్ సెంట్రల్ అనే నియోజకవర్గం ఇప్పుడు లేదు. పునర్విభజన గీత సరిగ్గా మా వీధి మధ్యలోంచి పోయింది. మేమొక కొత్త నియోజకవర్గంలో, ఎదుటి రొట్టెల కొట్టు ఇంకొకదాంట్లో పడ్డాం. పోటీకి చోటు లేక ఇంట్లో కూర్చున్న హాలోరన్ పాతదాని చరిత్ర రాస్తున్నాడు. పేదల గొంతు పార్లమెంటులో తన వల్లే వినిపించిందని పదకొండు పేజీలట. ఆ గొంతు ఏమన్నదో మాత్రం ఎక్కడా లేదు.

అతనికి మా ఫొటో కావాలి. మొదటిసారి గెలిచిన రోజు మా వంటింట్లో తీసింది. మా మామగారు లౌరిందు అతని భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నారు. ఎనిమిదిసార్లూ మా కింది గదే పార్టీ ఆఫీసు. నడవలేని ముసలివాళ్లను మామగారే తన వ్యానులో తీసుకెళ్లి ఓటు వేయించేవారు. పోయిన మనిషి పేరు ఆ పుస్తకంలో చూసుకోవాలని అత్తయ్య ఆశ. అందుకే కాఫీ పెట్టింది.

"ఫొటో కింద ఏం రాశారు సారూ? చదవండి," అంది అతను కూర్చోగానే.

హాలోరన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "విజయోత్సవాన ఒక అభిమానితో హాలోరన్."

"అభిమానికి పేరు లేదా?"

"ఎందుకు లేదు? లొరెంజో కదూ?"

"లొరెంజో ఎదురింటి కుక్క."

నాకు నవ్వొచ్చి సింకు వైపు తిరిగాను.

"అన్ని వేలమంది దోనా ఇదాలీనా, ఎందరని గుర్తుంటారు? పేరు చెప్పండి, ఇప్పుడే రాసుకుంటా." 'దోనా' అని పోర్చుగీసు మర్యాద చూపిస్తూనే జేబులు తడుముకున్నాడు. పెన్ను లేదు.

"చెప్పను. ఆ పేరు నీ పుస్తకానికి ఎక్కువ."

ఆకుకూర కోసే కత్తెర తీసి ఫొటోను మధ్యకి కత్తిరించింది. హాలోరన్ లేచి నిలబడ్డాడు.

"అయ్యో, ఏం చేశారు!"

"వీధిని మధ్యకి కోసినప్పుడు మమ్మల్నెవరైనా అడిగారా? ఇదిగో, నీ సగం."

ఆ సగంలో అతని భుజం మీద మామగారి నాలుగు వేళ్లు మిగిలిపోయాయి.

"ఈ చెయ్యి ఎవరిదని అడిగితే?"

"అభిమానిదని రాసుకో."

అతను పెరటి తలుపు వైపు నడిచాడు.

"అటు కాదు," అంది అత్తయ్య. "టమాటాలు తొక్కుతావు."