కోతలు పోను ఎంత?

సాయంత్రం అయిదు లోపు ఫీజు కట్టకపోతే స్కాలర్‌షిప్ పోతుందని భానుప్రసాద్ పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఆన్‌లైన్ డిగ్రీ సీట్లు అంటగట్టే ఏజెంటు అతను. అప్పటికే నాలుగున్నర.

"అబ్బా, మూడేండ్లకు లక్షా ఇరవై వేలు. స్కాలర్‌షిప్ కింద ఎనభై మాఫీ. నలభై కడితే చాలు!" అన్నాను మా నాన్నతో.

నలభై వేలు దాటితే చదువు మాటే ఎత్తొద్దని అబ్బా ముందే తేల్చేశాడు. భైంసాలో పత్తి కొనే మా అబ్బా అజీముద్దీన్ మాటంటే మాటే.

"గది పైకి చెప్పే రేటు, యాస్మీన్. ఆఖరికి ఎంత తేలుతది?"

ఆయనకు తెలియదా మరి! క్వింటాలుకు ఒక రేటు చెప్పి, తూకమయ్యాక తేమని కొంత, చెత్తని కొంత కోసేది ఆయనే. నా ఫోన్ లాక్కుని భానుప్రసాద్‌కు కలిపి స్పీకర్ పెట్టాడు.

"పరీక్ష ఫీజు గిందులనేనా?"

"లేదు సార్. సెమిస్టర్‌కు మూడు వేలు, ఆరు సెమిస్టర్లు," అన్నాడు భానుప్రసాద్.

"మార్కులు తక్కువొస్తే?"

"డెబ్బై అయిదు శాతం రాకుంటే... మాఫీ ఆగిపోతుంది సార్."

యాభై ఎనిమిది వేలు! నాలుగుసార్లు మాట్లాడి ఒక్కసారీ చెప్పలేదు, దొంగసచ్చినోడు. నాకు ఏడుపొచ్చింది.

"అయిపాయె," అని అబ్బా మార్కెట్‌కు పోను చెప్పులేసుకున్నాడు.

"జర ఆగు అబ్బా!"

మాఫీ లేదని నేను పక్కన పడేసిన కాలేజీ ఇంకొకటి ఉంది. ఫోన్ తీసుకుని వాళ్లకు చేసి, అబ్బా అడిగినవన్నీ అడిగాను. మూడేళ్లకు ముప్పై ఆరు వేలట. పరీక్షకు అయిదు వందలు, ఆరుసార్లు. పరీక్ష సెంటర్ మా జిల్లాలోనే, నిర్మల్‌లో.

"ముప్పై తొమ్మిది," అన్నాను.

"మాఫీ ఏం లేదా?" అబ్బాకు అనుమానం.

"లేదు. కోతలు గూడ లేవు."

"అయితే కట్టు."

సంతోషంతో ఎగరాల్సింది. కానీ ఇంకో లెక్క చెప్పాల్సి ఉంది.

"అబ్బా... మొన్ననే భానుప్రసాద్‌కు అయిదు వేలు అడ్వాన్సు కట్టిన. నా కుట్టు పైసలు. వాపస్ రావట."

నలభై నాలుగు. ఆయన కళ్లలోకి చూసే ధైర్యం లేదు నాకు.

"ముందే ఎందుకు అడగలే?" అని గట్టిగా అరిచాడు. అంతలోనే గొంతు తగ్గింది. "కోత కోసినంక గీ మాటనే రైతులకు నేను రోజూ అంట, బిడ్డా."

గుమ్మం నుంచి లోపలికి తిరిగాడు.

"కట్టు," అన్నాడు.

చెప్పులు విడిచి కూర్చున్నాడు. ఆ సాయంత్రం మార్కెట్‌కు పోలేదు.