సావిన్ వాటా మంచు

1963 మార్చి 6, బుధవారం. పొద్దున ఎండ, దక్షిణపు గాలి, చూరుల నుంచి నీటిబొట్లు. ఇంటి వెనక వాలులో ఊదా పూలు మంచును చీల్చుకుని తలెత్తాయి. అనీసియా ఎప్పటిలాగే ఆవు పాలు పితికి, మొక్కజొన్న సంకటి కెలికి, మొగుడి పరుపు ఎండలో వేసింది.

ఆ కొండ ఊళ్లో మార్చి మొదటి తొమ్మిది రోజులూ ముసలమ్మ రోజులు. నెల పుట్టకముందే ప్రతి మనిషీ అందులో ఒకటి కోరుకుని చర్చి గంట కొట్టేవాడికి చెప్పాలి. ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం గంట దాకా వాతావరణం ఎలా ఉంటే, మరుసటి ఫిబ్రవరి ఆఖరుదాకా ఆ మనిషి మీద రోజూ అలాగే ఉంటుంది. రెండో తేదీ కోరుకున్న బడిపంతులికి ఒక ఏడు పొగమంచు దక్కింది. పిల్లలు ఆయన దగ్గు వినిపించిన వైపుకి దణ్ణం పెట్టేవారు. తన బతుకులో ప్రశాంతంగా గడిచింది ఆ ఏడే అనేవాడు ఆయన. సరే, పంతులు గొడవ ఇక్కడెందుకు.

మొగుడూ పెళ్లాం ఒకే రోజు కోరుకోకూడదు. తొమ్మిదో తేదీకి తరచు ఎండ కాస్తుంది. సావిన్ దాన్ని భార్య అనీసియాకి వదిలేశాడు. "నీ మోకాళ్లకి పనికొస్తుంది, తీసుకో. నాకు ఆరు చాలు." ఆమె వద్దనలేదు. తీరా నాలుగో తేదీన పట్నం డాక్టరు చెప్పాడు: కోతమిల్లులో ముప్పై ఏళ్లుగా పీల్చిన రంపపు పొట్టు సావిన్ ఊపిరితిత్తుల్లో పేరుకుంది, ఈ ఏడంతా వెచ్చగా, పొడిగా గడిస్తేనే బతుకుతాడు.

అందుకే ఆరో తేదీన అనీసియా ఆకాశం మీంచి కళ్లు తిప్పలేదు.

"అంతలా చూడకే, దానికి సిగ్గేస్తుంది," అన్నాడు సావిన్.

"గంట కొట్టేదాకా నోరు మూసుకో."

మూడింటికి గాలి తిరిగింది. గంట కొట్టేవేళకి మోకాలి లోతు మంచు.

ఇక రోజూ అంతే. పొద్దునంతా సావిన్ మంచం మీద ఎండ. మూడు కాగానే గదిలోనే మంచు. జూన్‌లో ఊరంతా గడ్డి కోస్తుంటే అనీసియా దుప్పటి మీది మంచు చేటతో ఎత్తిపోసేది. తొమ్మిదో తేదీ పుణ్యమా అని ఆమె మీద మాత్రం రోజంతా ఎండే. ఆయన పక్కనే పడుకునేది. ఆ వెచ్చదనం ఆయనదాకా వెళ్లేది కాదు. బతికున్నవాళ్లు ఒకరిది ఒకరికి ఇవ్వడానికి లేదు. పోయేవాళ్లయితే పేరు చెప్పి ఇచ్చిపోవచ్చు.

"నేను ముందు పోతే నా ఎండ నీకే," అందోసారి.

"ఆ మాట ఇంకోసారన్నావంటే ఇంట్లోంచి గెంటేస్తా."

"ముందు లేచి నిలబడు, తర్వాత గెంటుదువుగాని."

ఆగస్టులో ఆయన అక్క ఫ్లొవారియా దిగింది. పిల్లల్లేరు కనక ఊరి ఆచారం ప్రకారం ఆయన తర్వాత ఇల్లు ఆమెకే వెళ్తుంది. "తమ్ముడూ, నీ మంచు ఎవరికో ఒకరికి చెప్పిపో. చెప్పకపోతే ఇంట్లోనే కురిసి దూలాలు కుళ్లిపోతాయి."

"నువ్వే తీసుకోరాదూ అక్కా?"

"నాకసలే కీళ్లనొప్పులు."

"నాకివ్వు," అంది అనీసియా.

సావిన్ తల అడ్డంగా ఊపాడు.

"తొమ్మిదో తేదీ నువ్విస్తే నేను కాదనలేదు. ఇప్పుడు నేనడిగేది నువ్వు కాదనకు."

 చివరికి ఆయన అనీసియా పేరు చెప్పాడు. మర్నాడు రెండింటికి, ఎండ ఉండగానే, పోయాడు. మూడింటికి అనీసియా భుజాల మీద మంచు మొదలైంది.

"ఏమనుకోకు అమ్మాయ్, గడ్డిపాకలో ఉందువుగాని," అంది ఫ్లొవారియా. "ఇల్లు తడుస్తుంది."

"అలాగే వదినా."

అనీసియా ఎవరింట్లో కూర్చున్నా మూడు కాకముందే లేచి వచ్చేసేది. చలికాలానికి పాకలో గడ్డి నానిపోయింది, ఆమెకి దగ్గు పట్టుకుని ముదిరింది.

ఇల్లూ, ఆవూ, కోతగడ్డి నేలా ఫ్లొవారియాకి. రంపాలు మిల్లు వాళ్లకి. మూడింటి మంచు అనీసియాకి, అదీ ఫిబ్రవరి ఆఖరుదాకానే. 1964 లీపు సంవత్సరం కావడంతో ఒక రోజు ఎక్కువ వచ్చింది. ఇరవైతొమ్మిదో తేదీన ఆమె పాక ముందు నిలబడి, మంచుని పడినంతా పడనిచ్చింది. ఆ మర్నాటికి ఆయనదంటూ ఆమెకేమీ మిగల్లేదు.