ఎర్ర లేబుల్ కింద ఎవరాల్డ్

తెలివి ఎక్కువైనా కష్టమే. కావాలంటే లాసెల్స్‌ని అడగండి. నాటింగ్‌హామ్‌లో, హైసన్ గ్రీన్ పేటలో హిప్‌హాప్ అంటే చెవి కోసుకునే పెద్దవాళ్ళలో అతన్ని ఎరగనివాళ్ళు లేరు. ఒకప్పుడు అతను రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ళ వెనక నిలబడితే, అతని నేస్తం ఎవరాల్డ్ మైకు పట్టుకుని ర్యాప్ చేస్తుంటే, కింద అట్టముక్కలు పరుచుకుని కుర్రాళ్ళు తలకిందులుగా గిర్రున తిరిగేవాళ్ళు.

ఆ రోజుల్లో డీజేలందరికీ ఒక జబ్బుండేది. తాము వేసే రికార్డు ఏదో పక్కవాడికి తెలియకూడదు. తెలిసిందా, మర్నాడు వాడూ అదే కొని వేస్తాడు. అందుకని రికార్డుల్ని స్నానాల తొట్టిలో నానబెట్టి లేబుళ్ళు ఊడబీకేవాళ్ళు. మన లాసెల్స్ నాలుగాకులు ఎక్కువ చదివాడాయె! ఊడబీకిన చోట వేరే రికార్డు లేబుల్ అతికించేవాడు. భుజం మీంచి తొంగిచూసినవాడు దుకాణానికి పోయి ఏ పోల్కా నాట్యాల రికార్డో కొని తెచ్చుకుంటే, ఇతను వారం రోజులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు.

అలా లేబుల్ మార్చిన వాటిలో ఒక డబ్‌ప్లేటు ఉంది. రేకు మీద నల్లటి పూత పూసి, ఆ పూతలో పాట చెక్కిస్తారే, అది. దాంట్లో ఉన్నది పద్దెనిమిదేళ్ళ ఎవరాల్డ్ గొంతు. లోకంలో అదొక్కటే. వేసినప్పుడల్లా సూది ఆ పూతను కాస్త అరగదీస్తుంది. అందుకే జనం బల్లలు బాది 'మళ్ళీ' అని గోల పెట్టినా, లాసెల్స్ ఆ ప్లేటుని మాత్రం రెండోసారి వేసేవాడు కాదు. "పిసినారి వెధవా, నా పాటకేరా నీ పిసినారితనం!" అని ఎవరాల్డ్ తిట్టని తిట్టు లేదు.

ఆ తిట్ల కోసం ఇప్పుడు లాసెల్స్ మొహం వాచిపోయి ఉన్నాడు. గొంతులో క్యాన్సర్ వచ్చి, పోయిన చలికాలం ఎవరాల్డ్‌కి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. అప్పట్నుంచీ అతను గడప దాటలేదు. పాత జట్టంతా కలిసి శనివారం మధ్యాహ్నం పేట హాల్లో ఆటాపాటా పెట్టుకుంటే, "రారా, నీ ప్లేటు వేస్తా, నీ గొంతు నీకే వినిపిస్తా" అని లాసెల్స్ మాటిచ్చాడు. దానికి ఎవరాల్డ్ ఫోన్లో పంపిన జవాబు ఇంతే: "ప్లేటుంటే వస్తా. లేకపోతే ఇంకెప్పుడూ నా తలుపు తట్టకు."

తీరా చూస్తే ప్లేటు కనబడదు. దానిమీద ఏ లేబుల్ అతికించాడో అతనికే గుర్తు లేదు! ఊరందరి దగ్గరా దాచబోయి తన దగ్గరే దాచుకున్నాడు. వారమంతా అటక మీది పెట్టెలన్నీ దించి, ఒక్కో రికార్డూ తీసి చూశాడు. శనివారం పొద్దున్న ముందుగదిలో దుమ్ము కొట్టుకుపోయి కూర్చున్న మొగుణ్ణి చూసి మార్వాకి ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, ఇల్లా ఇది, పాతసామాన్ల కొట్టా? పోయిన నెలేగా నేనొక పెట్టె వదిలించింది, మళ్ళీ నువ్వు పరిచావు!"

"ఏం పెట్టె?"

"క్రిస్మస్ పాటలవి, ఆ ఎర్ర లేబుళ్ళవి. జన్మలో విన్నావా వాటిని? చర్చి సంత కోసమని సిస్టర్ ఐసిల్డాకిచ్చా. ఆవిడ పాత రికార్డుల్ని కేకుల పొయ్యిలో పెట్టి మెత్తబరిచి గిన్నెలు చేస్తోందిలే. భలే ముచ్చటగా ఉన్నాయి."

లాసెల్స్ దిగ్గున లేచాడు. వంటింటి బల్ల, మైదాపిండి జిగురు, ఎర్ర లేబుల్, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. నడివేసవిలో క్రిస్మస్ పాటల జోలికి ఏ దొంగవెధవా పోడని తన భుజం తనే చరుచుకున్నాడు కదా ఆనాడు!

"మార్వా! కొంప ముంచావే!"

"నేనా? లేబుల్ మార్చింది నేనా?"

లాసెల్స్ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వీధిలోకి పరిగెత్తాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిన మనిషి, బస్సు కోసం కూడా ఆగకుండా కొండవాలు వీధి ఎక్కేశాడు.

చర్చి వంటగదిలో అల్లం కేకు వాసన, దాని కింద కమురు వాసన. సిస్టర్ ఐసిల్డా పూల టోపీ తియ్యకుండానే పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆ పేటలో సగం మంది పిల్లలకి ఆదివారం బడిలో చెవులు మెలేసిన చెయ్యి ఆవిడది. బల్ల మీద అంచులు వంకీలు తిరిగిన నల్లటి గిన్నెలు వరసగా ఉన్నాయి. చాలావాటి అడుగున ఎర్ర లేబులే.

లాసెల్స్ ఒక్కో గిన్నే ఎత్తి చూశాడు. సూది దించే చోటు తెలియడానికి, పాట మొదలయ్యే చోట తను అంటించిన తెల్లటి టేపు ముక్క కోసం వెతుకుతున్నాడు. ఒక గిన్నె అంచు మీద తెల్లటి మరక కనబడింది. టేపు కాలి ఊడిపోయిన గుర్తులా ఉంది. వేలితో రుద్దాడు, పోలేదు. ఇంకేముంది, అంతా అయిపోయింది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

"అబ్బాయ్, గిన్నె నచ్చితే చెప్పి తీసుకోవాలిగానీ, ఏడుస్తావేం నాయనా?" అంది ఆవిడ.

"సిస్టర్, ఇది గిన్నె కాదు. మా ఎవరాల్డ్ గొంతు."

"చలికాలంలో ఆపరేషనైందే, ఆ ఎవరాల్డా?"

లాసెల్స్ అంతా చెప్పాడు. తొట్టిలో నానబెట్టడం దగ్గర్నుంచి జిగురు దాకా ఏదీ దాచలేదు. ఆవిడ సాంతం విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది! లాసెల్స్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా కొంప అంటుకుంటే మీకు నవ్వొస్తోందా సిస్టర్?"

"నవ్వక ఏం చెయ్యను? పాపపు పాటకి ప్రభువు పాట ముసుగేస్తావురా, భడవా! అందుకే ఆయన నిన్ను వారం రోజులు తిప్పాడు. ఆ చేతిలోది కిందపెట్టు, దానికంటింది నా కేకు మీది చక్కెర పాకం. ఆ మూల పిండి డబ్బా మీద మూత చూడు."

"మూతా?"

"ఒకటి మొండిది వచ్చిందిలే. ఎత్తితే రికార్డులా లేదు, పళ్ళెంలా బరువుగా ఉంది. గరిటెతో కొడితే ఖంగుమంది. లోపల రేకుందే, ఇదెక్కడ వంగుతుంది, పొయ్యి దండగ అనుకుని డబ్బా మీద పడేశా. ఎలకల బాధ తప్పింది."

రేకు ప్లేటు గిన్నెలా వంగదన్న ముక్క కంగారులో లాసెల్స్‌కి తట్టనే లేదు! డబ్బా దగ్గరికి ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. ఎర్ర లేబుల్, దాని చుట్టూ మైదాపిండి. నోటితో మెల్లగా ఊదాడు. పిండి లేచాక కింద టేపు ముక్క కనబడింది. బతుకు జీవుడా అనుకుని, ఐసిల్డాని కౌగిలించుకుని, పూల టోపీ పక్కకి ఒరిగేలా నుదుట ముద్దు పెట్టేశాడు.

"చాల్లే, డబ్బాకి ఇంకో మూత తెచ్చిపెట్టు!" అని కసిరిందావిడ.

మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. చేపల వేపుడు, అల్లం బీరు, గోడమీద రంగు చిమ్మే డబ్బాలతో కొత్తగా గీసిన పేర్లు. ఎవరాల్డ్ వచ్చాడు. మెడకి రుమాలు చుట్టుకుని, గోడవార బల్ల దగ్గర, తలుపుకి దగ్గరగా, లేచిపోవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. లాసెల్స్ చేతిలో ఎర్ర లేబుల్ చూసి అతని మొహం మాడిపోయింది. క్రిస్మస్ పాటలతో వెటకారమా అన్నట్టు సగం లేచాడు.

లాసెల్స్ చెయ్యెత్తి ఆగమని సైగ చేసి, టేపు ముక్క దగ్గర సూది దించాడు. చిటపటలు. తర్వాత డప్పు దెబ్బలు. వాటిమీదికి ఒక కుర్రగొంతు దూకింది. పొగరుగా, గబగబా, ఈ పేట నాది, ఈ వీధి నాది, దమ్ముంటే రండి అంటూ.

ఎవరాల్డ్ నిలబడ్డవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. పెదాలు కదులుతున్నాయి. ఒక్క మాట కూడా తప్పలేదు, నోట్లోంచి గాలి కూడా బయటికి రాలేదు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. అతన్ని చూస్తున్న లాసెల్స్‌కీ అదే పరిస్థితి. జనం ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

పాట ఇంకా సగంలోనే ఉంది. ఎవరాల్డ్ అరచెయ్యి ఎత్తి బల్ల మీద దబదబా బాదాడు. గ్లాసులు ఎగిరిపడ్డాయి. మరోసారి బాదాడు, నవ్వుతూ, లాసెల్స్ కళ్ళలోకి సూటిగా చూస్తూ. హాల్లో ప్రతివాడికీ ఆ దెబ్బల అర్థం తెలుసు.

"అరిగితే అరగనీరా!" అని అరిచి, లాసెల్స్ ప్లేటుని వెనక్కి తిప్పి మళ్ళీ మొదట్నుంచీ వేశాడు.