పైపులోంచి వచ్చిన ‘వ’

నేను ఒక కేసింగు పైపుని. బోరు గోడలు కూలకుండా నేలలోకి దింపే ఇనుప గొట్టాన్ని. ఎర్రగా కాలిన ఉక్కు రేకును చుట్టి, అంచులు అతికి నన్ను చేశారు. హైదరాబాదు శివార్లలో ఒక దుకాణం ముందు వానకు తడుస్తూ చాన్నాళ్ళు పడున్నాను. ఒక బోరుబండి యజమాని నన్ను కొని, బండితో పాటే ఓడెక్కించి టాంజానియా పంపాడు. సొంత నేలకు చిల్లులు పొడిచి నీళ్ళు అయిపోగొట్టాక మనుషులు సముద్రం దాటి ఇంకొకరి నేలలో వెతుకుతారు. వింతే, కానీ నా పుట్టుక కూడా అందుకే కదా!

బోరుబండి లింగస్వామి చేతిలో ఉండేది. నల్గొండవాడు. వాళ్ళ బసలో కబూలా అనే ఆవిడ వంట చేసేది. ఆమె భర్త మసంజా, తమ్ముడు షిజా పక్క గుట్టలో బంగారం తవ్వేవాళ్ళు. పొయ్యి దగ్గర కూర్చుని కబూలా లింగస్వామికి స్వాహిలీ నేర్పేది. వస్తువుల పేర్లు అతనికి తొందరగానే పట్టుబడ్డాయి. వాటి మంచిచెడ్డలు చెప్పబోతేనే నాలుక తడబడేది.

“మాజి మ్జూరి,” అన్నాడు ఒకసారి, మంచి నీళ్ళు అనబోయి.

కబూలా గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. “నీళ్ళేమన్నా మనిషా మేస్త్రీ? మంచి మనిషయితే మ్టు మ్జూరి. మంచి మనుషులయితే వాటు వజూరి. మంచి కుర్చీ, కిటి కిజూరి. నీళ్ళకు మాజి మజూరి. పేరు ఏ గుంపుదో చూసి, ఆ గుంపు గుర్తును పక్కమాట నెత్తిన కూడా పెట్టాలి.”

“మంచి అంటే మంచే గదక్కా. మనిషైతేంది, కుర్చీ అయితేంది? ఊకె మారుడెందుకు?” అని లింగస్వామి తెలుగులోనే గొణిగాడు. బండి మీద పడుకుని వింటున్న నేనూ అతని పక్షమే.

వానల్లో ఒక మధ్యాహ్నం గుట్ట జారి సొరంగం నోరు పూడిపోయింది. లోపల మసంజా, షిజా ఇద్దరే ఉన్నారు. రాళ్ళకు చెవి ఆనిస్తే సమ్మెట దెబ్బలు వినిపించాయి. కానీ ఒక్క సమ్మెటే. ఒక్కడే మిగిలాడని అందరికీ అర్థమైంది. ఆ ఒక్కడు ఎవరని పైకి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

లింగస్వామి బండిని గుట్టెక్కించాడు. “బోరేసి గాలి పంపుతా అక్కా. కానీ ఈ అదురుకు పైకప్పు మీద పడ్తదేమోనని భయమైతాంది.”

అతను ఏ భాషలో అన్నాడో కూడా కబూలా పట్టించుకోలేదు. “వెయ్యి,” అంది.

జీవితమంతా నీళ్ళు పడాలని మొక్కినవాడు, ఆ రోజు చుక్క కూడా పడొద్దని మొక్కుతూ బోరు వేశాడు. నేల లోపల ఖాళీ తగిలింది. నన్నూ మరో మూడు పైపులనూ ఒకదానికొకటి అతికి దింపారు. నా అంచు మాత్రం పైన ఉంది.

కబూలా మోకాళ్ళ మీద కూర్చుని నా అంచుకు నోరు ఆనించింది. వెనక ఆమె తల్లి నిలబడి ఉంది. ఆ తల్లికి అటు కొడుకు, ఇటు అల్లుడు. కబూలా ఏ పేరూ పిలవలేకపోయింది. ఒకరిని పిలిస్తే రెండోవారిని వదిలేసినట్టే.

“మ్జీమా?” అని మాత్రం అడిగింది. బతికున్నావా అని, ఒక్కడిని అడిగే మాట.

చాలాసేపు నాలో గాలి తప్ప ఏమీ కదల్లేదు. తర్వాత కింద నుంచి ఒక మాట పైకి పాకింది. నాలోంచి వస్తే ఏ గొంతైనా ఇనుప గొంతే, మనిషెవరో తెలియదు.

“వజీమ.”

మరుక్షణం గుట్టంతా గోల. తల్లి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నేల మీద కూలబడింది.

“ఏమన్నడక్కా? ఎవరంట?” అని లింగస్వామి అడిగాడు.

“మ్ అనలేదు! వ అన్నాడు! వ!” అని కబూలా అతని ముఖం ముందు రెండు వేళ్ళు ఆడించింది.

లింగస్వామి పెదవులు కదిలాయి. “బతికిండు గాదు… బతికిండ్రు,” అన్నాడు. అని, టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నా ఒంట్లోంచి రాళ్ళూ బురదా ఎన్నో వెళ్ళాయి. అంత చిన్న చప్పుడులో ఒక నిండు ప్రాణం పైకి రావడం మాత్రం అప్పుడే చూశాను. ఆ అక్షరాన్ని ఎవరూ కావాలని పలకలేదు. పక్కన ఇంకొకడు ఊపిరి తీస్తున్నాడు గనుక, మాట దానంతటదే అలా వచ్చింది.

ఆ రాత్రంతా కబూలా సన్నటి రబ్బరు గొట్టం నాలోంచి దింపి గంజి పోసింది. మర్నాడు ఇద్దరినీ తవ్వి తీశారు. షిజా కాలు నలిగింది. అందుకే అతను సమ్మెట పట్టలేకపోయాడు.

లింగస్వామి నన్ను పీకలేదు. బండి వెళ్ళిపోయింది. కాలు అతుక్కోగానే షిజా, అతని వెనకే మసంజా, మళ్ళీ బంగారం కోసం పక్క సొరంగంలోకి దిగారు. మనుషులు అంతే.

తల్లి మాత్రం అప్పుడప్పుడు గుట్టెక్కి వస్తుంది. వంటనూనెలో ముంచిన గుడ్డతో, పైకి కనిపించే నా ఒంటిని తుడుస్తుంది, తుప్పు పట్టకుండా. నేలలో ఉన్న భాగమంతా ఎప్పుడో తుప్పు పట్టేసిందని ఆమెకు తెలియదు. ఆ చెయ్యి ఆగేదాకా నేను కదలకుండా నిలబడతాను.